మడతకత్తులు - వాని ముద్రలు

మన సంచికలలో రథములను గూర్చియు, ఆలయవిగ్రహములను గూర్చియు, స్వర్ణాభరణములను గూర్చియు వ్యాసములు వెలువడుట వాడుక. మనుబ్రహ్మ సంతతివారగు ఇనుపపనివారి వంతు వచ్చునప్పటికి మన వ్యాసకర్తలు ఖడ్గములతోనో, ఢిల్లీ యినుపస్తంభముతోనో తృప్తి నొందుదురు. జేబులో నిమిడిపోవు మడతకత్తిని గూర్చి వ్రాయుట కొందఱికి చిన్నతనముగ తోపవచ్చును. కాని కొలిమి నెఱిగిన సోదరులకు ఖడ్గముకంటె మంచి చాకు చేయుటయే కష్టమని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఖడ్గమునకు అలుగును పిడియు నున్న చాలును. మడతకత్తికో, అలుగు, దానిని నొక్కిపట్టు కమాను, ఇరుప్రక్కల పలకలు, శీలలు, వీనినన్నిటిని కూర్చు నేర్పు కావలెను. తెఱచినప్పుడు అలుగు ఊగరాదు. మూసినప్పుడు దాని యంచు కమానును తాకి మొద్దువాఱరాదు. తెఱచినను మూసినను కమాను వీపు పిడితో సమముగ నుండవలెను. వెండ్రుకవాసి తేడా వచ్చినను చేతికి తెలిసిపోవును.

నేడు అమెరికాలోను, ఇంగ్లండు, జర్మనీ దేశములందును పాత మడతకత్తులను, అందును తయారగుట నిలిచిపోయిన వానిని, వెదకి వెదకి కూడబెట్టువారు పెక్కుమంది కలరు. వారి చేతికొక చాకు నిచ్చి చూడుడు. మొదట పదును చూడరు. అలుగు తెఱచి, అది పిడిలో దూరుచోట కొట్టబడిన ముద్రను చూతురు. చేసినవా డెవడు, చేసిన యే డేది యను రెండు ప్రశ్నలకును ఉత్తర మచటనే యున్నది. ఈ ముద్ర యెట్లు వచ్చెనో చెప్పుటయే నా యుద్దేశము.

మడతకత్తి మిక్కిలి ప్రాచీనమైనది. ఆస్ట్రియాదేశమున హాల్‌ష్టాట్టు అనుచోట క్రీస్తునకు పూర్వము 6వ శతాబ్ది ప్రాంతపు మడతకత్తి దొరకినది. రోమనుల నాటివియు పెక్కులు కలవు. అవి కమాను లేనివి. శీల బిగువే వాని కాధారము. వెనుక కమాను నమర్చుట 17వ శతాబ్దమున వ్యాపించెను. ఆ పనికి ఇంగ్లండునందలి షెఫీల్డు నగరము పుట్టినిల్లువంటి దయ్యెను. 14వ శతాబ్దపు కవియగు చాసరు సైతము తన కావ్యమున నొక పిండిమర యజమానునిచెంత షెఫీల్డు కత్తి యున్నట్లు వర్ణించెను.

ఆ యూరి కత్తులపనివారు 1624 లో పార్లమెంటు శాసనముచే నొక సంఘముగ నేర్పడిరి. దానికి కట్లర్సు కంపెనీ యని పేరు. మన మహాసభలవంటిదే యనుకొనుడు. కాని యందు జన్మముకంటె శిష్యరికము ప్రధానము. శిష్యుడు నియమితకాలము పని నేర్చి, పనివాడై, సంఘమువలన తనదగు నొక గుఱుతును పొందవలెను. ఆ గుఱుతు సంఘమువారి పుస్తకమున నెక్కును. తాను చేసిన యలుగుపై దానినే కొట్టవలెను. ఒకని గుఱుతు నింకొకడు కొట్టినచో నేరము. ఆ సంఘమువా రెన్ని తీర్మానములు చేసిరో, ఎన్ని విందులు గుడిచిరో మనకు పనిలేదు. గుఱుతుల పుస్తకమును మాత్రము భద్రపఱచిరి.

అచట గొప్ప కార్ఖానాలతోపాటు, ఒక గదియు నొక సానయు అద్దెకు తీసికొని స్వయముగ పనిచేయు చిన్న పనివాండ్రును అసంఖ్యాకులుగ నుండిరి. వారిని మెస్టరులని పిలుచుచుండిరి. మన మేస్త్రీ యను మాటయు అదియు నొకే మూలమునుండి వచ్చినవి. ఒకడు అలుగు సాగగొట్టును, ఒకడు సానపట్టును, ఒకడు పిడి కూర్చును. సానరాతి దుమ్ము రొమ్మున చేరి సానపనివారు పలువురు నడివయస్సు దాటకుండగనే మరణించుచుండిరి. అద్దపుపెట్టెలలో మెఱయు చాకుల వెనుక నిదియు కలదు. కూడబెట్టువారి సంభాషణలలో ముత్తెపుచిప్ప పిడులను గూర్చిన ప్రశంస వినబడినంతగ ఈ సంగతి వినబడదు.

షెఫీల్డు ముద్రలలో జోసెఫ్ రాడ్జర్సు వారి నక్షత్రమును, మాల్టా శిలువయు లోకప్రసిద్ధములు. వారి చాకులు మన దేశమునకును వచ్చుచుండెను. ఆ కంపెనీవారు 1822 లో 1822 అలుగులుగల కత్తి నొకదానిని చేసి, అటుపై సంవత్సరముల లెక్కకు సరిపోవునట్లు అలుగులు చేర్చుచు వచ్చిరి. 1851 నాటి లండను మహాప్రదర్శనమునకు 75 అలుగులును పరికరములునుగల వేఱొకటి చేసిరి. ఇవి నేర్పునకు నిదర్శనములే కాని జేబున నుంచదగినవి కావు. నా మట్టుకు నాకు దుప్పికొమ్ము పిడిగల రెండలుగుల చాకు చప్పుడుతో చక్కగ మూతపడుటయే ముచ్చట.

ముద్రకు విలువ వచ్చిన పిమ్మట దొంగముద్రలును వచ్చినవి. రాడ్జర్సు పేరు తక్కువ సరకుపై కొట్టువా రధికమైరి. ఇంగ్లండు సరకను భ్రమ కలిగించు విదేశవస్తువులపై దేశముపేరుండవలెనని 1887 లో నచట శాసనము చేసిరి. దిగుమతి సరకులపై అట్టి నిర్బంధమునే అమెరికావారు 1890 నాటి సుంకపు శాసనమున విధించిరి. ఇది వర్తకులకొఱకు చేసినదే యైనను చరిత్రకారునకు మేలయ్యెను. అమెరికాలో దొరకిన చాకుపై జర్మనీ యనియో ఇంగ్లండనియో యున్నచో, అది యా శాసనము తరువాతిదని సాధారణముగ నూహింపవచ్చును.

అమెరికాలో నీ ముద్రాశాస్త్రము మఱింత పెరిగెను. తుపాకులు చేయు రెమింగ్టను కంపెనీవారు మొదటి మహాయుద్ధానంతరమున చాకుల పని నారంభించి 1940 లో మానిరి. సుమా రిరువదియేండ్ల పనియే. అయినను 1922 మొదలుగ వారు తుపాకిగుండు ఆకారపు బిళ్లను పిడిపై తాపి చేసిన పెద్ద చాకుల కొఱకు నేటికిని జనులు పోటీపడుదురు. పెన్సిల్వేనియాలోని కేసు కంపెనీ ముద్ర యింకను చిత్రమైనది. 1965 లో వారి ముద్రకు దేశముపేరు చేరెను. 1970 లో ముద్రక్రింద పది చుక్కలుంచి, అటుపై ఏటేట నొక్కొక్క చుక్కను తగ్గించిరి. ఏడు చుక్కలున్న కత్తి 1973 నాటిదని బాలుడైనను చెప్పగలడు. చుక్కలు లేని వెనుకటి సరకునకు గిరాకి హెచ్చెను.

కూడబెట్టువారి పట్టుదలలు కొన్ని మనవారికి వింతగ నుండును. పాత యుక్కుపై నేర్పడిన నీలిబూడిద వన్నెను తోమరాదు. సాన ముట్టని యలుగునకు వెల హెచ్చు. పదును పెట్టి పెట్టి అఱిగిపోయినదానికి తగ్గు. వాడుకకై పుట్టిన వస్తువు వాడబడనందుకు గౌరవము పొందుట కమ్మరికి రుచించునా? నాకు రుచింపలేదు. కాని వారు చేయు పరీక్ష మాత్రము మెచ్చదగినది. శీలలచుట్టు ఎముకపిడి పగిలినదా, అలుగు మార్చబడినదా, పాత అలుగుపై క్రొత్తముద్ర కొట్టబడినదా యని భూతద్దముతో చూతురు. సెల్యులాయిడు పిడి కాలక్రమమున చెడి యావిరి విడుచును. ఆ యావిరికి ప్రక్క కత్తులును త్రుప్పుపట్టును గావున దానిని వేఱు పెట్టెలో నుంచుదురు.

ఇట్టి ప్రేమ యున్నను కార్ఖానాలు నిలువలేదు. రాడ్జర్సు వారు 1971 లో తమ చిరకాల ప్రత్యర్థులగు వోస్టెన్‌హోము వారితో కలిసిపోయిరి. అమెరికాలో ష్రేడు కార్ఖానా 2004 లోను, 1876 లో స్థాపితమైన కమిల్లసు 2007 లోను మూతపడెను. ష్రేడు పేరు మాత్రము అమ్ముడుపోయి చీనాలో చేసిన కత్తులపై కెక్కెను. పదునాలుగవయేట పనిలో చేరి కడవఱకు మడతకత్తులే చేసిన షెఫీల్డు పనివాడు స్టాన్ షా 2021 లో మరణించెను.

ఇక మన కొలిమి సంగతి. 1795 లో పియర్సను అను పండితుడు లండను రాయల్ సొసైటీలో మన దేశపు ఉక్కును గూర్చి వ్యాసము చదివెను. ఉక్కు అను మాటయే వారి నోట ఊట్జ్ అయ్యెనని పలువుర మతము. స్టోడార్టు అను లండను పనివాడు ఆ యుక్కుతో కలముచెక్కు చాకును చేసి చూపిన సంగతి యా వ్యాసమున కలదు. అతడు తరువాత దానితోనే క్షురములు, శస్త్రవైద్యపు పనిముట్లు చేసి, ఐరోపా ఉక్కుకంటె నిది మేలని తన దుకాణపు చీటిపై నచ్చొత్తించెను. ఆతనితో కూడి యుక్కుపై పరిశోధనలు చేసిన ఫారడే మహాశయుడు కమ్మరి కుమారుడే యని మనవారు తెలిసికొనదగును. పియర్సను పరీక్షించిన ముద్దలు బొంబాయినుండి వచ్చినవి. అవి యే కొలిమిలో పుట్టినవో చెప్పు గుఱుతు లేదు. రేవుపేరు మిగిలెను, ఊరుపేరు పోయెను.

నిజామాబాదు జిల్లాయందలి కోనసముద్రమున మనవారు మూసలలో నుక్కు చేయు విధానమును డాక్టరు వాయిసీ చూచి వ్రాసిన వర్ణనము 1832 లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడెను. ఉక్కు కొనుటకై పారశీకదేశపు ఇస్ఫహానునుండి వచ్చిన వర్తకుని ఆయన యచట చూచెను. 2010 లో తెలంగాణమున జరిగిన క్షేత్రపరిశోధనయందు పండితులు పాత కొలుముల చిట్టెమును, మూసల పెంకులను ఊరూర లెక్కించిరి. ఇస్ఫహాను కత్తులపై అసదుల్లా యను పేరు బంగారుతీగతో పొదుగబడి నేటికిని మ్యూజియములలో మెఱయుచున్నది. ఆ జాతి యుక్కునకు లోకమున డమాస్కసు పేరు స్థిరపడినది. మూస యొద్ద రాత్రింబవళ్లు తిత్తి యూదినవాని పేరు పెంకులపై నుండదు గదా.

సభాసదులలో నెవరి యింటనైన పూర్వులు చేసిన చాకో, అడకత్తెరయో, క్షురమో యున్నచో, చేసినవారి పేరును ఊరును ఒక చీటిపై వ్రాసి దారముతో దానికి కట్టుడు. వాని పట్టిక నొకదానిని మన సంఘము నిప్పుడైన ప్రారంభింపవచ్చును. షెఫీల్డువారు మొదలిడి 400 ఏండ్లు గడచినవి. పోషకమహాశయులు ఒక బీరువా నిచ్చిన చాలును.

మా యింటి పెట్టెలో నొక మడతకత్తి కలదు. ఇత్తడిపిడిలో నొకవైపు తాటాకు కోయు చిన్న యలుగు, రెండవవైపు వ్రాయు గంటము మడతపడును. కాగితము వాడుకలోనికి వచ్చిన పిదప అట్టివాని యక్కఱ తగ్గెను. ఒక కరణము మా ముత్తాతగారిచే చేయించుకొని, రూకలీయలేక విడిచిపోయెనని మా పెద్దలు చెప్పుకొనుచుండిరి. కమాను లేదు, శీల బిగువే. నేటికిని అలుగు ఊగదు. షెఫీల్డు చాకుల సంగతి చదివిన తరువాత నేనును భూతద్దము తెచ్చి, అలుగు మొదట ఇరుప్రక్కల వెదకితిని. సుత్తి యంచు తగిలిన గాట్లు మూడు కనబడినవి.