ఓపెన్‌నోట్స్

ఓపెన్‌నోట్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2010లో మొదలైన ఒక వైద్య ప్రయోగం. రోగిని పరీక్షించిన తరువాత వైద్యుడు కంప్యూటరులో వ్రాసుకొనే వివరాలను ఆ రోగియే అంతర్జాలం ద్వారా చదువుకొనే వీలు కల్పించడం దీని ఉద్దేశ్యం.

నేపథ్యం

వైద్యుల వ్రాతలు చిరకాలం వైద్యుల మధ్యనే ఉండిపోయాయి. రికార్డు ప్రతిని రోగికి ఇవ్వాలని షెంకిన్, వార్నర్ అనేవారు 1973లోనే న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రతిపాదించారు. 1996 నాటి హిపా చట్టం క్రింద చేసిన నియమాలు 2003లో అమలులోకి వచ్చి, రికార్డులను చూసే హక్కును దేశమంతటా కల్పించాయి. కాని దరఖాస్తులు, నకళ్ళ రుసుములు, నిరీక్షణ వలన దానిని వినియోగించుకొన్నవారు తక్కువ.

ప్రయోగం

టామ్ డెల్‌బాంకో, జ్యాన్ వాకర్‌ల ఆధ్వర్యంలో బోస్టన్, పెన్సిల్వేనియా, సియాటిల్‌లలోని మూడు వైద్య సంస్థలలో ఇది ఏడాదిపాటు సాగింది. 105 మంది ప్రాథమిక వైద్యులు పాల్గొన్నారు. వ్రాతలు అందుబాటులోకి వచ్చిన 13,564 మంది రోగులలో 11,797 మంది కనీసం ఒకదానిని తెరచి చూశారు.

రోగులు బెదిరిపోతారని, సందేహాలతో తమను విసిగిస్తారని వైద్యులు మొదట శంకించారు. వాడుకలోని పొట్టి అక్షరాలు కూడా ఒక చిక్కే: ఆయాసానికి వ్రాసే 'ఎస్.ఓ.బి.' ఆంగ్లంలో ఒక తిట్టు కూడాను!

రోగుల అభిప్రాయాలు

ఫలితాలు 2012లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. వ్రాతలు చదివి సమాధానమిచ్చినవారిలో, ఆయా సంస్థలను బట్టి, 77 నుండి 87 శాతం మందికి తమ చికిత్సపై అదుపు పెరిగినట్లు తోచింది. మందులు వాడేవారిలో 60 నుండి 78 శాతం వాటిని మరింత క్రమంగా వేసుకొంటున్నామన్నారు. అయితే ఇది వారు చెప్పిన మాటయే కాని, కొలిచి చూసినది కాదు. కలవరమో, అయోమయమో, మనస్తాపమో కలిగినవారు 1 నుండి 8 శాతమే. 20 నుండి 42 శాతం మంది ఆ వ్రాతలను ఇతరులకు చూపించారు.

గోప్యత విషయం వేరు. 26 నుండి 36 శాతం మంది దాని గురించి ఆందోళన చెందారు. అయినప్పటికీ 99 శాతం మంది ఈ సదుపాయం కొనసాగాలనే కోరారు. వైద్యులు ఇష్టపడి చేరినవారు కావడం, రోగులు అంతర్జాలం వాడేవారే కావడం వలన ఈ అంకెలను అందరికీ వర్తింపజేయరాదు.

తరువాతి పరిణామాలు

2016 నాటి క్యూర్స్ చట్టం క్రింద చేసిన నియమాలు 2021 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులను రోగికి అకారణంగా నిలిపివేయరాదు. విడిగా ఉంచే మానసిక చికిత్స వ్రాతలకు మినహాయింపు ఉంది. దీనివలన క్యాన్సర్ వంటి జబ్బుల పరీక్షా ఫలితాలను వైద్యునికంటే ముందే రోగి చూసే అవకాశం ఏర్పడింది. ఈ విషయమై 2023లో ప్రచురితమైన ఒక సర్వేలో 8,139 మంది పాల్గొనగా, ఫలితం చెడుగా వచ్చినవారిలో కూడా 95 శాతానికి పైగా అది తమకు వెంటనే అందడమే మేలన్నారు.