మజిలీ లెక్క: అశోకుడి బావుల నుంచి హైవే చార్జర్ దాకా

మొన్న ఒక టెస్ట్ సిరీస్‌లో ఈ ప్రశ్న వచ్చింది: "దూర ప్రయాణాలకు ఎలక్ట్రిక్ కార్ల వాడకం ఎందుకు తక్కువగా ఉంది? పరిష్కారాలు సూచించండి." 15 మార్కులు. ఇంజనీరింగ్ చదివినవాణ్ని కదా, రెచ్చిపోయి బ్యాటరీ కెమిస్ట్రీ అంతా రాసేశాను. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, కోబాల్ట్, సాలిడ్ స్టేట్, ఏదీ వదల్లేదు. 15కి 5 వచ్చాయి. దిద్దినాయన పక్కన ఒక్క మాటే రాశారు: "మరి రోడ్డు ఎక్కడ?"

రెండు రోజులు మనసుకి కష్టంగానే అనిపించింది. తర్వాత ప్రాచీన, మధ్యయుగ చరిత్ర రివిజన్ చేస్తుంటే ఆయన అడిగింది అర్థమైంది. ఈ వ్యాసంలో మీకు చెప్పదలచుకున్నది ఒకటే. ఒక బండి ఎంత దూరం పోగలదన్నది సగం బండి గుణమైతే, మిగతా సగం దారి గుణం. ఆ రెండో సగాన్ని మన దేశంలో రెండు వేల ఏళ్లకు పైగా రాజ్యం తన పనిగా చూసుకుంది. ప్రతిసారీ అసలు చిక్కు మజిలీ కట్టడంలో రాలేదు, కట్టినదాన్ని నడపడంలో వచ్చింది.

ముందు లెక్క చూద్దాం

ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్. మీ కారు బ్యాటరీ 40 యూనిట్లది అనుకోండి. హైవే మీద యూనిట్‌కి 6 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. నిండా చార్జ్ చేసి బయల్దేరి, 10 శాతం మిగిలేదాకా నడిపితే 36 యూనిట్లు, అంటే 216 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. కాబట్టి ఒక్క చోటైనా ఆగక తప్పదు.

కంపెనీ చెప్పే రేంజ్ ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది కదా అంటారా? అది ప్రయోగశాలలో, నిర్ణీత వేగాల వరసలో కొలిచినది. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు పెంచితే, ప్రతి కిలోమీటరుకూ గాలిని చీల్చడానికయ్యే శక్తి 56 శాతం పెరుగుతుంది. ఊళ్లో తిరిగినప్పుడు వచ్చే రేంజ్ హైవే ఎక్కగానే తగ్గడానికి ఇదే ముఖ్య కారణం.

ఇక ఆగాక ఎంతసేపు? 10 నుంచి 80 శాతానికి 28 యూనిట్లు కావాలి. 3.3 కిలోవాట్ల చార్జర్ మీద ఎనిమిదిన్నర గంటలు. 15 కిలోవాట్ల మీద దాదాపు రెండు గంటలు. 60 కిలోవాట్ల మీద సుమారు అరగంట. 80 శాతం దాటాక బ్యాటరీ భద్రత కోసం కరెంటు తగ్గిస్తారు కాబట్టి చివరి 20 శాతానికి చాలా సమయం పడుతుంది. అందుకే దూర ప్రయాణంలో తెలివైనవాడు ఒకచోట నిండా నింపుకోడు, రెండు చోట్ల కొంచెం కొంచెం నింపుకుంటాడు. అలా చేయాలంటే దారిలో ఆ రెండు చోట్లూ ఉండాలి, పనిచేస్తుండాలి. ఇక్కణ్ణుంచి కథ బ్యాటరీ నుంచి రోడ్డు మీదకి వస్తుంది.

అశోకుడు: రాజ్యం బాధ్యతగా మజిలీ

రెండో ప్రధాన శిలాశాసనంలో అశోకుడు మనుషులకూ పశువులకూ దారుల వెంట బావులు తవ్వించానని, చెట్లు నాటించానని చెప్పుకున్నాడు. ఈ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉంది. ఏడో స్తంభశాసనంలో ఇంకా వివరంగా ఉంటుంది. నీడకి మర్రిచెట్లు, మామిడి తోపులు, బావులు, విశ్రాంతి గృహాలు. ఈ ఏడో శాసనం ఒక్క ఢిల్లీ-తోప్రా స్తంభం మీదే కనిపిస్తుంది. ఆ స్తంభాన్ని ఫిరోజ్ షా తుగ్లక్ ఢిల్లీకి తెప్పించాడు. ప్రిలిమ్స్‌కి గుర్తుంచుకోండి.

ఇందులో ఒక ఆసక్తికరమైన తగాదా ఉంది. బావులు ఎంతెంత దూరంలో తవ్వించాడో చెప్పే మాటని కొందరు పండితులు "అర క్రోసు"గా చదివారు, మరికొందరు "ఎనిమిది క్రోసులు"గా చదివారు. ఒక్క పదం చదవడంలో తేడా, దూరంలో పదహారు రెట్లు తేడా. అర క్రోసుకో బావి అంటే కాలినడకన పోయే ముసలమ్మ కూడా ధైర్యంగా బయల్దేరవచ్చు. ఎనిమిది క్రోసులకో బావి అంటే అది ఎడ్లబండ్ల బిడారు కోసం. మజిలీల మధ్య దూరం ఎంతో చెబితే, ఆ దారి ఎవరి కోసం వేశారో చెప్పినట్టే. ఈ మాట పక్కన పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

ఇబ్న్ బతూతా: గుర్రాన్ని మించిన మనిషి

1333లో సింధు తీరానికి చేరిన ఇబ్న్ బతూతా, తుగ్లక్ సుల్తాను టపా వ్యవస్థని వర్ణించాడు. అది రెండు రకాలు. గుర్రపు టపాకి నాలుగు మైళ్లకో మజిలీ. కాలి టపాకి మైలుకి మూడు మజిలీలు. గంటలు కట్టిన కర్ర పట్టుకుని మనిషి పరుగెత్తుతాడు, ఆ చప్పుడు విని తర్వాతి మజిలీలో మనిషి సిద్ధంగా నిలబడతాడు. ఈ రెండిట్లో కాలి టపాయే వేగంగా చేరేదని ఆయన రాశాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. గుర్రం మనిషికన్నా వేగంగా పరుగెత్తుతుంది, ఎక్కువ దూరం పోతుంది. అయినా మజిలీలు దగ్గరగా ఉన్న మనిషే గెలిచాడు. 15 మార్కుల ప్రశ్నకి నేను బ్యాటరీ గురించి నాలుగు పేజీలు రాసి కూడా చెప్పలేకపోయిన మాట ఇదే.

ఇంకో సంగతి. టపా గుర్రానికి మేత వేసి, అలసట తీరేదాకా రౌతు కూర్చోడు. గుర్రాన్నే మార్చుకుని వెళ్లిపోతాడు. ఇవాళ బ్యాటరీ మార్పిడి అంటున్నది ఈ పద్ధతినే. నీతి ఆయోగ్ 2022 ఏప్రిల్‌లో దీని మీద ముసాయిదా విధానం విడుదల చేసింది. మనకన్నా ముందే, 1990లలో ఖాట్మండూలో వచ్చిన సఫా టెంపోలు అనే మూడు చక్రాల బండ్లు అయిపోయిన బ్యాటరీ దించి, నిండిన బ్యాటరీ ఎక్కించుకుని తిరిగేవి. అయితే గుర్రాలన్నీ సుల్తానువి కాబట్టి మార్పిడి సులువైంది. కార్లలో ఒక్కో కంపెనీ బ్యాటరీ ఒక్కో ఆకారంలో, ఒక్కో చోట ఉంటుంది. అందుకే ఆటోలకి కుదిరినంత తేలిగ్గా కార్లకి కుదరడం లేదు.

షేర్షా: కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు

షేర్షా సూరి (1540-1545) అనగానే మనందరం సోనార్‌గావ్ నుంచి సింధు నది దాకా రోడ్డు, 1,700 సరాయిలు, రెండు క్రోసులకొకటి అని గడగడా అప్పచెప్పేస్తాం. ఆ సంఖ్య అక్బరు కాలంలో అబ్బాస్ ఖాన్ సర్వానీ రాసిన చరిత్రలోది. షేర్షాని ఆయన మెచ్చుకుంటూ రాశాడు కాబట్టి అంకెని కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. కానీ మనం అప్పచెప్పకుండా దాటేసే వాక్యం ఒకటుంది. ప్రతి సరాయిలో బావి, హిందువులకూ ముస్లింలకూ విడివిడిగా వసతి, కావలివాళ్లు, వార్తలు మోయడానికి రెండు గుర్రాలు ఏర్పాటు చేసి, ఈ ఖర్చంతటికీ సరాయి పక్క భూమి ఆదాయాన్ని కేటాయించారు.

కట్టడానికి ఖజానా డబ్బు ఒకసారి చాలు. కావలివాడి జీతం, బావి పూడిక, గుర్రాల దాణా ప్రతి నెలా కావాలి. ఆ ప్రతి నెల డబ్బు ఎక్కడిదో షేర్షా ముందే తేల్చాడు. పరీక్షలో 1,700 అని రాస్తే ఒక వాస్తవం రాసినట్టు. భూమి ఆదాయం గురించి రాస్తే పాలన గురించి రాసినట్టు.

వీరాస్వామయ్య: ప్రయాణికుడి వైపు నుంచి

పైవన్నీ రాజుల వైపు కథలు. ప్రయాణం చేసేవాడి కథ కావాలంటే మన ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పల్లకీలో బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో అడుగడుగునా మజిలీల లెక్కే. ఫలానా ఊరు ఎన్ని కోసులు, దారి ఎలాంటిది, వాగు దాటొచ్చా, సత్రం ఉందా, బియ్యం దొరుకుతాయా, నీళ్లు మంచివేనా.

ఆయన రేంజ్‌ని నిర్ణయించింది బోయీల కాళ్లు మాత్రమే కాదు, ముందు మజిలీలో ఏం దొరుకుతుందన్న కబురు కూడా. ఇవాళ ఎలక్ట్రిక్ కారు ఎక్కినవాడు ఫోన్‌లో చూసుకునేదీ అదే: ముందు చార్జర్ ఎంత దూరం, పనిచేస్తోందా, ఖాళీగా ఉందా, మన కారు ప్లగ్‌కి సరిపోతుందా. తేడా ఏమిటంటే వీరాస్వామయ్య రాసింది తను కళ్లారా చూసి రాశాడు. ఫోన్‌లో కనిపించే ఆకుపచ్చ చుక్కకి అలాంటి పూచీ ఉండాలన్న నియమం లేదు. పాడైన బావి దూరం నుంచే తెలుస్తుంది, పాడైన చార్జర్ ప్లగ్ పెట్టాకే తెలుస్తుంది.

మన కాలం

2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా ఒక చార్జ్‌తో 80 కిలోమీటర్ల దాకా పోయే నగరం కారు. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీకి ధ్రువీకరించిన రేంజ్ 312 కిలోమీటర్లు. బండి వైపు రెండు దశాబ్దాల్లో ఇంత మార్పు. మరి దారి వైపు?

విద్యుత్ చట్టం 2003 ప్రకారం కరెంటు అమ్మాలంటే లైసెన్సు కావాలి. మరి దారి పక్క హోటలాయన చార్జర్ పెడితే అది కరెంటు అమ్మకమేనా? కాదు, అది సేవ అని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. చిన్న వివరణే అయినా దానితో లైసెన్సు లేకుండా ఎవరైనా చార్జింగ్ కేంద్రం పెట్టే దారి తెరుచుకుంది. తర్వాత 2019 మార్గదర్శకాలు హైవేకి రెండు వైపులా 25 కిలోమీటర్లకొక కేంద్రం, భారీ వాహనాలకూ దూర ప్రయాణాలకూ 100 కిలోమీటర్లకొక ఫాస్ట్ చార్జింగ్ కేంద్రం అన్నాయి. 2024 మార్గదర్శకాల్లో ఆ 25 కాస్తా 20 అయింది.

డబ్బు చూడండి. 2019లో మొదలైన ఫేమ్-2 పథకం రూ.10,000 కోట్లలో చార్జింగ్‌కి రూ.1,000 కోట్లు. 2024 నాటి పీఎం ఈ-డ్రైవ్ రూ.10,900 కోట్లలో చార్జింగ్‌కి రూ.2,000 కోట్లు. పదో వంతు నుంచి దాదాపు ఐదో వంతుకి పెరిగింది. నిమిషాల మీద దిద్దేవాళ్లకి ఈ ఒక్క పోలిక చాలు: విధానం మెల్లగా బండి నుంచి దారి వైపు జరుగుతోంది.

కానీ ఈ డబ్బు ప్రధానంగా కట్టడానికి. నడపడం సంగతి? హైవే మీద ఫాస్ట్ చార్జర్ పెట్టినవాడికి ట్రాన్స్‌ఫార్మర్, లైను ఖర్చు ముందే పడుతుంది. రోజుకి ఇద్దరే వచ్చినా యంత్రం, మనిషి, నిర్వహణ ఖర్చు తప్పదు. కార్లు రావు కాబట్టి చార్జర్ పెట్టరు, చార్జర్ లేదు కాబట్టి కార్లు రావు. రద్దీ ఉన్న దారిలో ఈ ముడి దానంతటదే విడిపోతుంది. విజయవాడ హైవేలో వ్యాపారం ఉంది, ఎవరో ఒకరు పెడతారు. నల్లమల మీదుగా శ్రీశైలం పోయే దారిలో ఎవరు పెడతారు? పెట్టినా ఎవరు నడుపుతారు?

ఇక్కడే అశోకుడి బావుల తగాదా మళ్లీ గుర్తుచేసుకోండి. మజిలీల మధ్య దూరం చెబితే దారి ఎవరి కోసమో చెప్పినట్టు. లాభం ఉన్న చోటే చార్జర్లు వస్తే, ఎలక్ట్రిక్ కారు నాలుగైదు పెద్ద నగరాల మధ్య తిరిగేవాళ్ల వాహనంగా మిగిలిపోతుంది. చిన్న ఊళ్లో ఉండే డాక్టరు, జిల్లా కేంద్రంలో ట్యాక్సీ నడుపుకునే అబ్బాయి పెట్రోలు దగ్గరే ఆగిపోతారు. మా బాబాయిది అలాంటి ట్యాక్సీయే. "ఊళ్లో తిరగడానికి అది బాగానే ఉంటుందిరా, శ్రీశైలం బాడుగ వస్తే ఏం చెయ్యను?" అన్నాడు. ఏ మార్గదర్శకంలోనూ నాకు దీనికి జవాబు దొరకలేదు.

పోలిక ఎక్కడ చెల్లదు

చరిత్రని వర్తమానానికి అతికించేటప్పుడు జాగ్రత్త అవసరం. షేర్షా సరాయిలు సైన్యం, టపా, పన్నుల కోసం కూడా. కేవలం ప్రజాసేవ అని రాస్తే తప్పు. సరాయికి మేత పక్క పొలంలోంచి వచ్చేది. చార్జర్‌కి కరెంటు ఎక్కడో ఉన్న గ్రిడ్ నుంచి, అప్పుల్లో ఉన్న డిస్కం ద్వారా రావాలి. పైగా ఇవాళ నిర్మాణం చాలావరకు ప్రైవేటు చేతుల్లో ఉంది, రాజ్యం ఆజ్ఞాపించి వదిలేస్తే కుదరదు. కాబట్టి "షేర్షాలా చెయ్యాలి" అని ముగించకండి. "షేర్షా వేసుకున్న ప్రశ్న వేసుకోవాలి" అని ముగించండి. ప్రతి నెలా ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

జవాబులో రాయదగ్గవి

- ఎన్ని చార్జర్లు పెట్టారన్నది కాదు, ఏడాదిలో ఎన్ని గంటలు పనిచేశాయన్నది లెక్కించాలి. సబ్సిడీలో కొంత దానికి ముడిపెట్టాలి.
- రద్దీ లేని దారుల్లో కొన్నేళ్ల పాటు నిర్వహణ లోటుని ప్రభుత్వం భర్తీ చేయాలి.
- చెల్లింపు, ప్లగ్, సమాచారం అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉండాలి.
- ఆర్టీసీ బస్టాండ్లు, దారి పక్క హోటళ్లు లాంటి ఇప్పటికే ఉన్న మజిలీలను వాడుకోవాలి. మనిషి అన్నం తినే అరగంటే బండికీ భోజన సమయం.

సాధన ప్రశ్న: "భారతదేశ చరిత్రలో రహదారి వసతులు రాజ్య స్వభావానికి అద్దం పడతాయి. ఉదాహరణలతో చర్చించండి." (250 పదాలు, 15 మార్కులు)

రాసి చూడండి. రాసేటప్పుడు, నన్ను దిద్దినాయన పక్కన నిలబడి "మరి రోడ్డు ఎక్కడ?" అని అడుగుతున్నట్టు ఊహించుకోండి. నేనిప్పుడు ప్రతి జవాబుకీ అదే చేస్తున్నాను.