వాహనమూ, వంటచెరకూ: ఉత్తరాంధ్ర చరిత్రలో కొన్ని పుటలు

నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో నాకు తెలిసిన ఉపాధ్యాయుడొకరు ఉన్నారు. ఆయన ఇంటి ముందు ఒక పెద్ద స్కార్పియో కారు టార్పాలిన్ కప్పుకొని నిలబడి ఉంటుంది. ఆయన మాత్రం బడికి మోటారు సైకిలు మీద వెళతారు. "ఏటి మేష్టారూ, పెద్దబండి తియ్యనేదేటి?" అని దారిలో ఎవరైనా అడిగితే, "అది తీస్తే ఈ నెల జీతంలో ముక్క ఎగిరిపోద్దయ్యా" అని నవ్వేస్తారు. పెళ్ళిళ్ళకూ, బంధువుల ఊళ్ళకూ మాత్రం అది బయటికి వస్తుంది. ఆ బండి ఎందుకు కొన్నారని నేనొకసారి అడిగాను. "కూతురికి సంబంధాలు చూస్తున్న రోజులు కదా" అన్నారు. అంతకుమించి చెప్పలేదు.

ఆ జవాబును ఒక మనిషి బలహీనతగా తీసిపారేయడం సులభం. కాని మర్యాదను చక్రాల మీద కొలిచే అలవాటు ఈ ప్రాంతానికి ఎక్కడినుంచి వచ్చింది, ఆ మర్యాదకు ఖర్చు ఎవరు భరించారు అన్నది చరిత్ర విద్యార్థికి తగిన ప్రశ్నే.

1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు మరణించాడు. 1802లో వచ్చిన శాశ్వత శిస్తు నిర్ణయం విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాలను కంపెనీకి కట్టుబడిన జమీందారీలుగా స్థిరపరచింది. కత్తి పోయిన తరువాత రాజుకు మిగిలింది ఊరేగింపు. పల్లకీ ఆ ఊరేగింపుకు గుర్తు. దానికి పెట్రోలు అక్కరలేదు. మోసే బోయీల భుజాలే దానికి ఇంధనం. ఆ ఇంధనానికి ధర లేదు. ఎందుకంటే వెట్టి అనే వ్యవస్థలో శ్రమకు ధర కట్టే అధికారం శ్రమించేవాడికి ఉండేది కాదు. దివాణం మనిషి ఊరికి వస్తే బళ్ళు కట్టాలి, మేత పెట్టాలి, కట్టెలు మోయాలి. వాహనం ఎక్కినవాడు వేరు, దాని ఖర్చు మోసినవాడు వేరు. ఈ వ్యాసంలో మనం పట్టుకు పోవలసిన దారం ఇదే.

జమీందారులందరూ పల్లకీలతోనే ఆగిపోయారని నేను అనను. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి సంస్థానం ఒక చిన్న రైలు వేయించింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల బండి. 1931 నాటికి అది గుణుపురం చేరింది. సంస్థానానికి ప్రతిష్ఠ కోసమూ, సరుకుల రాకపోకల కోసమూ వేసిన దారే అయినా, అందులో సంతకు పోయే ఆడది కూడా ఎక్కింది. ప్రతిష్ఠ పదిమంది ఎక్కే బండి రూపంలో వచ్చిన అరుదైన సందర్భం అది. 2004లో మూతపడి, పెద్ద పట్టాలు వేసిన తరువాత 2011లో ఆ దారి మళ్ళీ తెరుచుకుంది.

మందస జమీందారీ కథ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ తగవు నేరుగా ఇంధనం మీదనే వచ్చింది. కొండ అడవిలో వంటచెరకు, నాగళ్ళకూ ఇళ్ళకూ కావలసిన కలప తెచ్చుకోవడం రైతుల తరతరాల హక్కు. ఎస్టేటు ఆ అడవికి హద్దులు గీసి, రుసుములు పెట్టి, అడ్డు చెప్పింది. జమీందారీ ప్రాంతాల స్థితిని విచారించిన ప్రకాశం కమిటీ 1938లో నివేదిక ఇచ్చింది. భూమి మీద హక్కు రైతుదేనని అది చెప్పింది. కాని 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేయడంతో ఆ నివేదిక కాగితాల మీదనే ఉండిపోయింది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. ఆ సభ వేడి ఇంకా చల్లారక ముందే గుడారి రాజమణిపురం రైతులు బళ్ళు కట్టుకొని అడవికి వెళ్ళి కట్టెలు కొట్టి తెచ్చుకున్నారు. నాయకులను పట్టుకుపోవడానికి పోలీసులు వచ్చారు. ఊరి ఆడవాళ్ళు దారికి అడ్డం నిలిచారు. 1940 ఏప్రిల్ 1న కాల్పులు జరిగాయి. సాసుమాన గున్నమ్మ, ఆమెతో పాటు మరికొందరు ఆ కాల్పుల్లో చనిపోయారు.

గున్నమ్మను మనం వీరనారిగా తలచుకుంటాం, అది సబబే. అయితే ఆమె ఏ వస్తువు కోసం చనిపోయిందో గుర్తుంచుకోకపోతే ఆ స్మరణ వట్టి పూలదండ అయిపోతుంది. బండెడు కట్టెలు. పొయ్యి కిందికి కావలసిన కట్టెలు. ఇంధనం మీద సుంకం వేసే అధికారం ఎవరిది, ఆ సుంకం ఎవరి పొయ్యిని ఆర్పుతుంది అన్న ప్రశ్న ఈ జిల్లాలో ఆనాడే నెత్తుటితో వేయబడింది.

అవి యుద్ధపు రోజులు. పెట్రోలుకు రేషను వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో బస్సులు వెనక ఒక కుంపటి కట్టుకొని బొగ్గు గ్యాసుతో నడిచేవి. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోసేవారని పెద్దలు చెప్పుకొనేవారు. ఆ బొగ్గూ అడవి నుంచే వచ్చింది.

1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి. 1950లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయింది. పల్లకీ స్థానంలోకి జీపు వచ్చింది. యుద్ధం కోసం అమెరికా తయారు చేసిన విల్లీస్ జీపును మహీంద్రా కంపెనీ 1947 నుంచి మన దేశంలో కూర్చడం మొదలుపెట్టింది. 1952లో సమాజ వికాస పథకం ఆరంభమైన తరువాత బ్లాకు ఆఫీసుకు జీపే చిహ్నం. ఏజెన్సీలో జీపు అంటే అటవీ అధికారి, కాంట్రాక్టరు, చివరికి పోలీసు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన మహాసభకు పోతున్నవారిపై లేవిడి వద్ద జరిగిన కాల్పుల్లో కోరన్న, మంగన్న మరణించారు. ఆ తరువాతి మూడేళ్ళ కథ ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒక్క మాట మాత్రం: నేడు ఎస్.యు.వి. అని పిలిచే పెద్దకారు ఆ జీపుకు వారసురాలు. దాని ఎత్తులోనూ, వెడల్పులోనూ అధికారపు వాసన ఊరికే రాలేదు.

1973 అక్టోబరు నుంచి మూడు నెలల్లోనే ముడిచమురు ధర పీపాకు సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దగ్గరికి ఎగిరింది. ఆ నవంబరులో వాజపేయి ఎద్దుబండి మీద పార్లమెంటుకు వెళ్ళారు. పత్రికలు ఆ బొమ్మ వేశాయి. శ్రీకాకుళం రైతుకు ఎద్దుబండి నిరసన చిహ్నం కాదు, ఉన్న ఒకే బండి. అతడికి ఆ బొమ్మ ఎందుకో అర్థమై ఉండదు.

పెట్రోలును విలాసంగానూ, డీజిలును రైతు సరుకుగానూ ప్రభుత్వం చాలాకాలం లెక్కించింది. పంపుసెట్లు, ట్రాక్టర్లు, లారీలు, పడవలు డీజిలుతోనే నడుస్తాయి కనుక దాని ధరను తక్కువగా పట్టి ఉంచింది. ఉద్దేశం మంచిదే. కాని 1994లో టాటా సుమో, 1998లో సఫారీ, 2002లో స్కార్పియో వచ్చాయి. ఇవన్నీ డీజిలు బళ్ళే. రైతు పేరు మీద ఇచ్చిన రాయితీని కాంట్రాక్టరు టాంకులో పోయించుకున్నాడు. కిరీట్ పారిఖ్ కమిటీ 2010లో డీజిలు కార్ల మీద ఒక్కొక్కదానికి 80,000 రూపాయల అదనపు సుంకం వేయమన్నది. అది జరగలేదు. పెట్రోలు ధర 2010 జూన్‌లోనూ, డీజిలు ధర 2014 అక్టోబరులోనూ మార్కెట్టుకు వదిలివేయబడ్డాయి. అంటే పెద్దకారును ఒక్కదాన్ని వేరుచేసి పన్ను వేయడం కష్టమనిపించి, పడవనూ ట్రాక్టరునూ కూడా దానితో కలిపి దండించారు. ఈ పరిష్కారంలోని వర్గ న్యాయం పాఠకులే తేల్చుకోవచ్చు.

తరువాత పన్ను వచ్చింది. 2014 ఏప్రిల్‌లో లీటరు డీజిలు మీద కేంద్ర సుంకం 3 రూపాయల 56 పైసలు. 2020 మే నాటికి అది 31 రూపాయల 83 పైసలు. ఆ వసంతంలో ప్రపంచమంతా ముడిచమురు కారుచవకగా ఉన్నది. ఆ చవక బంకు దాకా రాలేదు. 2022 మే తగ్గింపు తరువాత 15 రూపాయల 80 పైసలకు దిగింది. రాష్ట్రం తన వంతుగా డీజిలుపై 22.25 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, 2020 నుంచి రోడ్ల పేరున మరో రూపాయి వసూలు చేసింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో లీటరు పెట్రోలు 120 రూపాయలు దాటింది. విశాఖపట్నంలో 1957 నుంచి చమురు శుద్ధి కర్మాగారం ఉంది. దాని పొరుగునే ఉన్న మన జిల్లాల లారీలు చవకగా పోయించుకోవడానికి ఇచ్ఛాపురం దాటి ఒడిశా బంకుల దగ్గర బారులు తీరాయి.

"ఎక్కువ తాగే బండివాడే ఎక్కువ పన్ను కడుతున్నాడు కదా" అని ఒక విద్యార్థి నాతో వాదించాడు. వాదంలో పస లేకపోలేదు. మా మేష్టారి లెక్కే చూడండి. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వెళ్ళి రావడానికి సుమారు 220 కిలోమీటర్లు. లీటరుకు 12 కిలోమీటర్ల చొప్పున 18 లీటర్లు. లీటరు 97 రూపాయలైతే దాదాపు 1,750 రూపాయలు. అందులో మూడో వంతుకు పైగా పన్నే. కాని కట్టినవాడు వేరు, భరించినవాడు వేరు. క్వారీ యజమాని తన కారు డీజిలును వ్యాపారం ఖర్చులో రాసుకుంటాడు. కాంట్రాక్టరు దాన్ని పని అంచనాలో కలుపుతాడు. నాయకుడి కాన్వాయి నూనె ఎక్కడి నుంచి వస్తుందో చెప్పనక్కరలేదు. ఇటు సాలూరు చూడండి. లారీల పరిశ్రమకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఒకటి రెండు లారీలున్న చిన్న యజమాని ఫైనాన్సు కిస్తీ కట్టాలి, డ్రైవరుకూ క్లీనరుకూ బత్తా ఇవ్వాలి, ఘాటు ఎక్కి రాయపూర్ దారి పట్టాలి. అతడి ఖర్చులో పెద్ద భాగం డీజిలే. డీజిలు పెరిగితే కిరాయి పెరగదు. కిరాయి నిర్ణయించేది బ్రోకరూ, సరుకు పంపే కంపెనీ. తీరంలో మరపడవ వాడికీ అదే గతి. అతడికి ఇచ్చే డీజిలు రాయితీని రాష్ట్ర ప్రభుత్వం 2019లో లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలు చేసింది. మేలే. కాని 2020 వేసవిలో కేంద్రం ఒక్క ఉత్తర్వుతో డీజిలుపై పెంచిన సుంకం 13 రూపాయలు. చేపకు ధర చెప్పేది పడవవాడు కాదు. బతుకుతెరువుకు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి, అక్కడి పడవల మీద పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చినవారు మన ఉత్తరాంధ్ర జాలరులే.

మా మేష్టారు ఈ రెంటికీ మధ్య ఉన్నారు. ఖర్చును ఎవరి మీదికీ నెట్టలేరు. అందుకే బండికి టార్పాలిన్ కప్పారు. కిస్తీ మాత్రం నెలనెలా ఇంధనం లేకుండానే నడుస్తుంది. ఆయన చెప్పే ఇంకో మాట కూడా న్యాయంగా రాయాలి: "రోడ్డు మీద గోతులు చూశావా? చిన్నకారైతే కింద తగుల్తాది." రోడ్డుకని లీటరుకు రూపాయి తీసుకొని, గోతులకు తట్టుకొనే కారు కొనుక్కోమనడం ఒక విచిత్రమైన అభివృద్ధి.

2017 సెప్టెంబరు నుంచి పెద్ద ఎస్.యు.వి. మీద జి.ఎస్.టి., సెస్సు కలిపి 50 శాతం ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమయింది. చిన్న కార్లకూ తగ్గింది, నిజమే. డీజిలును మాత్రం ఆ సంస్కరణలో చేర్చలేదు.

ఈ కార్ల ప్రకటనల్లో ఎప్పుడూ కొండలే కనిపిస్తాయి. బురద చిమ్ముకుంటూ కారు శిఖరం ఎక్కుతుంది. సాలూరు పైన నిజమైన కొండలున్నాయి. అక్కడి ఎన్నో గూడేలకు జీపు వెళ్ళే దారి కూడా లేదు. నెలలు నిండిన స్త్రీని కర్రకు కట్టిన దుప్పటి డోలీలో, ఇద్దరు ముందూ ఇద్దరు వెనకా భుజం మార్చుకుంటూ, అంబులెన్సు ఆగే తారురోడ్డు దాకా దింపుతారు. మోసేవారు ఆమె మొగుడూ, అన్నదమ్ములూ, గూడెంవారూ. దిగువన రోడ్డు పక్కన లారీలు డీజిలు కోసం కాక, కిరాయి కోసం నిలబడి ఉంటాయి.