పదకొండు గంటల జాప్యము

ఎచ్చెర్ల ప్రాంతమునుండి హైదరాబాదుకు కూలిపనులకు, కట్టడపు పనులకు వెళ్ళినవారు సంక్రాంతికి ఇల్లు చేరుట శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు టిక్కెట్టు దొరకుటపై ఆధారపడి యుండును. స్లీపరు తరగతి తత్కాల్ టిక్కెట్ల అమ్మకము ఉదయము 11 గంటలకు ప్రారంభమగును. పది నిమిషముల ముందు చక్కగా తెరుచుకొన్న వెబ్‌సైటు సరిగా ఆ వేళకే బిగుసుకొనుట పలువురి అనుభవము. కొంతసేపటికి మామూలు వేగము మరల వచ్చును గాని, అప్పటికి బెర్తు లుండవు.

సర్వరు చెడిపోయినదని అందరును అనుకొందురు. కాని చెడిన యంత్రమునకు గడియారము తెలియదు గదా! మన్యపు జ్వరము చూచిన వైద్యుడు చలి ఏ వేళకు మరల వచ్చుచున్నదని ముందుగా అడుగును. సర్వరు విషయమునను మొదటి ప్రశ్న అదియే.

ఈ ప్రశ్నకు గణితరూప మిచ్చినవాడు డెన్మార్కు దేశీయుడు ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ (1878–1929). కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు, పిలుపులు ఏ క్రమమున వచ్చుచున్నవో 1909లో ఒక వ్యాసమున చూపెను. ఎన్ని తీగలున్న ఎంత నిరీక్షణ కలుగునో తెలుపు సూత్రములను 1917లో ప్రకటించెను. ఆ గణితములో సామాన్యులను ఆశ్చర్యపరచు ఫలిత మొకటి కలదు. ఒక గుమాస్తా సగటున నిమిషమునకు ఒకరి పని తీర్చునని అనుకొందము. జనులు క్రమము లేక వచ్చుచు, పనుల నిడివియు అట్లే మారుచుండిన, గుమాస్తా కాలములో సగము మాత్రమే పనితో నిండినప్పుడు సగటు నిరీక్షణ 1 నిమిషము. నూటికి 80 వంతులు నిండిన 4 నిమిషములు, 90 నిండిన 9, 95 నిండిన 19. పని కొద్దిగానే పెరిగినది; నిరీక్షణ మాత్రము అనేక రెట్లయినది. నూటికి నూరు నిండినచో వరుసకు అంతమే లేదు.

మన రైల్వేలలో కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీలో ప్రారంభమైనది. దేశమంతటిని కలుపుటకు తయారైన కాన్సర్ట్ అను ఏర్పాటు 1994లో మొదట సికింద్రాబాదులో అమలుకు వచ్చెను. 1999 నాటికి అయిదు కేంద్రములు ఒకదానితో నొకటి కలిసెను. అంతవరకు వరుస స్టేషను వరండాలో కంటికి కనబడుచుండెడిది. ఎంతమంది నిలిచినను, ఒకే సమయమున కంప్యూటరును అడుగగలవారు కిటికీల లెక్కను మించరు. 2002లో ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్ల అమ్మకము ఆరంభము కాగానే ఆ కిటికీల అడ్డు తొలగినది. వరుస పోలేదు, యంత్రములోనికి చేరి కనబడకుండ పోయినది.

తత్కాల్ అమ్మకము పూర్వము ఉదయము 8 గంటలకే మొదలయ్యెడిది. ముందస్తు రిజర్వేషను తెరచు వేళయు అదియే కనుక రెండు గుంపులు ఒకే తలుపు వద్ద కలియుచుండెను. 2012 జూలైలో తత్కాల్‌ను 10 గంటలకు మార్చిరి. 2014 ఆగస్టులో క్రొత్త సర్వర్ల ఏర్పాటు వచ్చి, నిమిషమునకు 2,000 టిక్కెట్లు ఇచ్చు శక్తి 7,200కు పెరిగెను. అయినను 2015 జూన్‌లో ఏ.సి. తరగతులను 10 గంటలకే ఉంచి, తక్కినవానిని 11కు జరిపిరి. గడియారము ముల్లును జరుపుటకు పెద్ద ఖర్చు లేదు. నా దృష్టిలో జబ్బును సరిగా గుర్తించినది ఈ చికిత్సయే.

యంత్రములను పెంచిన చాలదా? ఒక బెర్తును ఇద్దరికి ఇయ్యరాదు. కనుక ఆ లెక్క వ్రాయు చోట ఒకరి తరువాత ఒకరు పోవలసినదే. ముందు భాగమున ఎన్ని సర్వర్లు చేర్చినను, జనమును ఆ ఇరుకు ద్వారము వద్దకు మరింత త్వరగా చేర్చుట మాత్రమే జరుగును. విసిగి మరల మరల నొక్కువారి వలన ఒక్కని కోరికయే పదిగా లెక్కకు వచ్చుటయు కలదు. మనుష్యులకు బదులు ప్రోగ్రాములే టిక్కెట్లు లాగుచుండుటచేత, 2025 జూలై 1 నుండి ఆన్‌లైను తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణము అవసరమైనది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. టిక్కెట్టు కొను సందర్భము వచ్చినప్పుడు పేజీ తెరుచుకొనుటకు, లోనికి ప్రవేశించుటకు, బెర్తుల వివరము వచ్చుటకు, డబ్బు చెల్లించుటకు పట్టిన సెకనులను వేరువేరుగా వ్రాయవలెను. 9 గంటలకు ఒకమారు, 11కు ఒకమారు వ్రాసి పోల్చినచో జాప్యము ఏ మెట్టున పెరిగినదో కనబడును. ఆఖరి మెట్టు ఒక్కటే నెమ్మదించినచో, ముందుగా చూడవలసినది రైల్వే సర్వరును కాదు, బ్యాంకు సర్వరును.