చలికాలం చివర్లో నీరసం: విటమిన్ డి సంగతి తెలుసుకుందాం

సంక్రాంతి దాటాక "ఒళ్లంతా నొప్పులు, ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్లు, పెద్దవాళ్లు అంటుంటారు. రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వస్తోంది కాబట్టి రోజాలకు ముందే ఈ నీరసానికి కారణం తెలుసుకోవడం మంచిది.

ఇంత ఎండలోనూ లోటెందుకు?

విజయవాడలో చలికాలం ఎండ కూడా విటమిన్ డి తయారీకి సరిపోతుంది. ఎండ ఉంది, మనమే దానిలోకి వెళ్లడం లేదు. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పరిశోధనల్లో పల్లెవాళ్ల కన్నా పట్నంవాళ్లలో ఈ విటమిన్ తక్కువగా కనిపించింది. చర్మంలో అది బాగా తయారయ్యేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు అని కూడా ఆ బృందం తేల్చింది. అంటే పొద్దున్నే మంచులో వచ్చే లేత ఎండతో పెద్దగా లాభం లేదు. కిటికీ అద్దం లోంచి పడే ఎండతో అసలే లేదు.

ఇరుకు సందుల్లో, ఫ్లాట్లలో ఉండేవాళ్లకు, బయటికెళ్తే బురఖా వేసుకునేవాళ్లకు, మంచాన పడ్డ పెద్దలకు లోటు వచ్చే అవకాశం ఎక్కువ.

ఏం చేయాలి?

మేడ మీదో, పెరట్లోనో పరదాకు ఇబ్బంది లేని చోటు చూసుకోండి. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్న వేళ చేతులు, ముఖం, కాళ్లకు 15 నుంచి 30 నిమిషాలు ఎండ తగలనివ్వండి. వారానికి మూడు నాలుగు సార్లు చాలు. చర్మం మండేదాకా కూర్చోవద్దు.

తిండిలో బందరు వైపు నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు లాంటి సముద్రపు చేపలు, గుడ్డు పచ్చసొన, కొంతవరకు కలేజీ పనికొస్తాయి. పాయా బలమే గానీ విటమిన్ డి అందులో దాదాపు ఉండదు. పాలు, నూనె ప్యాకెట్ల మీద '+ఎఫ్' గుర్తు ఉంటే ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం.

తల్లిపాలు తాగే పసిపిల్లలకు ఏడాది వచ్చేదాకా రోజుకు 400 యూనిట్ల డ్రాప్స్ ఇవ్వాలని పిల్లల డాక్టర్లు చెబుతారు. పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క.

నీరసమంతా విటమిన్ డి లోటేనా?

కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. థైరాయిడ్, షుగర్, బి12 లోటు, నిద్ర చాలకపోవడం కూడా నీరసం తెస్తాయి. అందుకే ముందు హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, గంట ఆగండి.

మెట్లెక్కితే తొడలు లాగడం, సజ్దా నుంచి లేవడానికి చేయి ఆనించాల్సి రావడం, ఎముకలు నొక్కితే నొప్పి: ఇవి ఉంటే విటమిన్ డి పరీక్ష గురించి డాక్టరును అడగండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే లోటు కింద లెక్క.

మందు విషయంలో జాగ్రత్త

60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికి ఒకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి, కిడ్నీలు దెబ్బతినవచ్చు. కిడ్నీ రాళ్లున్నవాళ్లు, గర్భిణులు సొంతంగా మొదలుపెట్టొద్దు. కొవ్వున్న తిండితో బాగా ఒంటబడుతుంది కాబట్టి రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత భోజనంతో వేసుకోవచ్చు.

క్యాప్సూల్ పైతొడుగు జెలటిన్‌తో చేస్తారు, అది జంతువుల నుంచి వస్తుంది. హలాల్ గురించి సందేహముంటే పొడి, మాత్ర లేదా డ్రాప్స్ రాయమని డాక్టరును అడగండి. అవన్నీ మందుల షాపుల్లో దొరుకుతాయి.