డేర్, డీ, దస్: జర్మన్ నామవాచకాల లింగం తెలుగువారికి ఎందుకు చిక్కుముడి?

ఢిల్లీ కస్తూర్బా గాంధీ మార్గ్‌లోని మాక్స్ ముల్లర్ భవన్, జేఎన్‌యూ, ఢిల్లీ విశ్వవిద్యాలయం మొదలుకొని నోయిడా, గురుగ్రామ్ కోచింగ్ సెంటర్ల దాకా రాజధాని ప్రాంతంలో జర్మన్ నేర్పే చోట్లకు కొదవ లేదు. కొందరు పై చదువుల కోసం చేరతారు, కొందరు నర్సు ఉద్యోగం కోసం, మరికొందరు జర్మనీలో ఉన్న భర్త లేదా భార్య దగ్గరకు వెళ్లడం కోసం. జీవిత భాగస్వామి వీసాకు సాధారణంగా ఏ1 స్థాయి, నర్సుగా గుర్తింపుకు చాలాచోట్ల బీ2 స్థాయి కావాలి. ఎందుకు చేరినా మొదటి వారాల్లోనే అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. చెంచా పురుషుడు (డేర్ లోఫెల్), ఫోర్కు స్త్రీ (డీ గాబెల్), చాకు నపుంసకం (దస్ మెసర్) ఎలా అయ్యాయి?

తెలుగు లెక్క వేరు

తెలుగులో లింగం అర్థాన్ని బట్టి వస్తుంది. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చెప్పిన మహత్తు, మహతి, అమహత్తు అనే విభజనకు ఆధారం అదే. 'నాన్న వచ్చాడు' అంటాం. 'అమ్మ వచ్చింది', 'బస్సు వచ్చింది' రెంటికీ క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో కలిసి 'వచ్చారు' అవుతారు, బస్సులు 'వచ్చాయి' అవుతాయి. మాట అర్థం తెలిస్తే లింగం తెలిసినట్టే. దాన్ని విడిగా కంఠస్థం చేయాల్సిన అవసరం తెలుగువారికి ఎప్పుడూ రాలేదు.

జర్మన్‌లో లింగం వస్తువుది కాదు, మాటది. అమ్మాయి అనే అర్థమిచ్చే 'మేడ్షెన్' నపుంసకలింగం. కారణం చివరనున్న 'షెన్' ప్రత్యయం. చిన్నదనాన్ని, ముద్దును చెప్పే ఈ ప్రత్యయం చేరిన ప్రతి మాటా నపుంసకమే. మార్క్ ట్వేన్ 1880లో జర్మన్ భాష మీద రాసిన వ్యంగ్య వ్యాసంలో ఆడిపోసుకున్న వాటిలో ఈ తీరూ ఒకటి.

హిందీ వస్తే సులువవుతుందా అంటే, కొంతవరకే. మాటకు లింగం ఉంటుందన్న సంగతి అలవాటవుతుంది. కానీ హిందీ లింగం జర్మన్‌కు పనికిరాదు. 'కితాబ్' స్త్రీలింగం, జర్మన్ 'బూఖ్' నపుంసకం. 'మేజ్' స్త్రీలింగం, 'టిష్' పుంలింగం. సూర్యుడు జర్మన్‌లో స్త్రీ (డీ జొనె), చంద్రుడు పురుషుడు (డేర్ మోంట్).

సంస్కృతంలోనూ ఇదే కథ

ఢిల్లీ కేంద్రంగా పనిచేసే కేంద్రీయ విద్యాలయ సంఘటన్ 2011లో గోథె ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం చేసుకుని జర్మన్‌ను మూడో భాషగా ప్రవేశపెట్టింది. 2014 నవంబరులో, విద్యా సంవత్సరం మధ్యలో, ఆ స్థానంలో సంస్కృతాన్ని తెచ్చారు. అప్పుడు వివాదం భాషా విధానం చుట్టూ తిరిగింది. వ్యాకరణం వైపు నుంచి చూస్తే మాత్రం ఆ పిల్లలు ఒక మూడు లింగాల భాష నుంచి మరో మూడు లింగాల భాషకు మారారు. సంస్కృతంలో భార్య అనే అర్థానికి 'భార్యా' స్త్రీలింగం, 'దారాః' పుంలింగం (అదీ బహువచనం), 'కళత్రమ్' నపుంసకం. స్నేహితుడిని చెప్పే 'మిత్రమ్' కూడా నపుంసకమే. తెలుగు ఇళ్లలో తరతరాలుగా వల్లె వేయించిన అమరకోశం అసలు పేరు నామలింగానుశాసనం. పేరుతో పాటే లింగాన్నీ నేర్పడం దాని పద్ధతి. జర్మన్ నేర్చుకునేవారికి కావలసిందీ అదే.

తప్పితే ఏమవుతుంది?

చాలాసార్లు పెద్దగా ఏమీ కాదు, ఎదుటివారికి అర్థమవుతుంది. కొన్నిచోట్ల మాత్రం అర్థమే మారిపోతుంది. 'డేర్ జే' సరస్సు, 'డీ జే' సముద్రం. 'దస్ ష్టోయర్' స్టీరింగ్, 'డీ ష్టోయర్' పన్ను. 'డేర్ లైటర్' అధిపతి, 'డీ లైటర్' నిచ్చెన.

అసలు చిక్కు విభక్తుల దగ్గర వస్తుంది. తెలుగులో ని, ను, కి, కు చేసే పనిలో ఎక్కువ భాగం జర్మన్‌లో ఆర్టికల్ చేస్తుంది. 'డేర్ హుంట్ బైస్ట్ డేన్ మన్' అంటే కుక్క మనిషిని కరుస్తోంది. 'డేన్ హుంట్ బైస్ట్ డేర్ మన్' అంటే కుక్కను మనిషి కరుస్తున్నాడు. మాటల వరుస మారలేదు, ఆర్టికళ్లు మారాయి. నాలుగు విభక్తులు, మూడు లింగాలు, బహువచనం కలిపితే 16 గళ్ల పట్టిక. అందులో నింపడానికి ఉన్న రూపాలు ఆరే: డేర్, డీ, దస్, డేన్, డేమ్, డెస్. పుంలింగ కర్తకు వాడే 'డేర్' స్త్రీలింగంలో 'కి' అర్థమిస్తుంది. 'డేర్ పట్సియెంటిన్' అంటే రోగి అయిన స్త్రీకి. ఆస్పత్రిలో ఎవరికి ఏ మందు ఇవ్వాలో వినేటప్పుడు ఈ తేడా చెవికి పట్టాలి. లింగం తెలియకపోతే పట్టికలో ఏ వరుస చూడాలో తెలియదు.

పరీక్షలోనూ దీని ప్రభావం ఉంటుంది. గోథె బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు భాగాలుంటాయి. ఒక్కోదానిలో 100కు 60 రావాలి. రాయడం, మాట్లాడటంలో వాక్య నిర్మాణాన్నీ లెక్కలోకి తీసుకుంటారు.

పట్టుకోదగ్గ గుర్తులు

జర్మన్ లింగం పూర్తిగా గుడ్డి లెక్క కాదు. క్లాస్-మైకేల్ కోప్కే, డేవిడ్ జూబిన్ అనే భాషాశాస్త్రవేత్తలు 1980లలో ఏకాక్షర పదాలలో సైతం ధ్వనిని బట్టి లింగం ఒకవైపు మొగ్గుతుందని చూపారు.

- ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, టేట్, త్సియోన్‌తో ముగిసేవి స్త్రీలింగం.
- షెన్, లైన్‌తో ముగిసేవి, నామవాచకంగా వాడిన క్రియలు (దస్ ఎసెన్: తినడం, భోజనం) నపుంసకం.
- లింగ్, ఇస్ముస్‌తో ముగిసేవి, వారాలు, నెలలు, రుతువులు పుంలింగం.
- 'ఎ'తో ముగిసేవి ఎక్కువగా స్త్రీలింగం. డేర్ నామె (పేరు), దస్ ఔగె (కన్ను) వంటి మినహాయింపులున్నాయి.
- సమాసంలో చివరి మాటదే పెత్తనం. 'హౌస్' నపుంసకం కనుక ఆస్పత్రి 'దస్ క్రాంకెన్‌హౌస్'. 'ట్యూర్' స్త్రీలింగం కనుక వీధి తలుపు 'డీ హౌస్‌ట్యూర్'.
- బహువచనంలో లింగభేదం లేదు. కర్తగా అన్నీ 'డీ'.

మిగిలినవి నోటికి రావలసిందే. 'టిష్ అంటే బల్ల' అని రాసుకుంటే సగమే నేర్చినట్టు. 'డేర్ టిష్, డీ టిషె' అని ఆర్టికల్‌ను, బహువచనాన్ని కలిపి ఒకే మాటగా పలకాలి. గోథె ఇన్‌స్టిట్యూట్ పదజాబితాల్లోనూ నామవాచకాలు ఆర్టికల్‌తోనే కనిపిస్తాయి. కొత్త మాట ఎదురైన రోజే దాన్ని మూడు విభక్తుల్లో మూడు చిన్న వాక్యాలుగా రాసుకుంటే, పట్టిక తర్వాత దానంతట అదే గుర్తుంటుంది.

సందేహం నేర్చుకునేవారికే పరిమితం కాదు. పెరుగు 'ఖట్టా'నా 'ఖట్టీ'నా అని ఢిల్లీలో హిందీవాళ్లే వాదించుకుంటారు. అదే పెరుగు జర్మనీలో ఎక్కువగా 'డేర్ యోగుర్ట్', ఆస్ట్రియాలో 'దస్ యోగుర్ట్' కూడా. నుటెల్లాకు ఏ ఆర్టికల్ పెట్టాలో జర్మన్లే ఇంకా తేల్చుకోలేదు.