నోత్రదామ్ ఎవరిది?

పారిస్ నడిబొడ్డున ఉన్న నోత్రదామ్ చర్చి క్యాథలిక్ సంఘానిది కాదు, ఫ్రెంచి ప్రభుత్వానిది. 1905కు ముందు కట్టిన కేథడ్రళ్లు చాలావరకు ప్రభుత్వం పేరు మీదే ఉన్నాయి. ఊళ్లలోని పాత చర్చీలు ఎక్కువగా మునిసిపాలిటీలవి. ఈ మాట వినగానే మనవాళ్లకు దేవాదాయ శాఖ గుర్తుకొస్తుంది. కానీ మన దగ్గర ఆస్తి దేవుడిది, అజమాయిషీ ప్రభుత్వానిది. ఫ్రాన్స్‌లో కట్టడం ప్రభుత్వానిదే అయినా లోపలి ఆరాధన మీద దానికి పెత్తనం లేదు. పాదిరి ఒప్పుకోకపోతే మేయరు అక్కడ సంగీత కచేరీ కూడా పెట్టించలేడు. ఈ చర్చీలకు వచ్చే పరదేశి భక్తుడికి రక్షణ ఈ విభజనలోనే ఉందని నా నమ్మకం.

ఇది ఎవరూ ముందుగా ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. 1789లో విప్లవ ప్రభుత్వం అప్పులు తీర్చుకోవడానికి చర్చి ఆస్తుల్ని స్వాధీనం చేసుకుంది. 1801లో నెపోలియన్ పోపుతో ఒప్పందం కుదుర్చుకుని చర్చీలను ఆరాధనకు అప్పగించాడు గానీ యాజమాన్యం వదులుకోలేదు. 1905 చట్టం మతాన్ని రాజ్యం నుంచి విడదీసి, భవనాల బాధ్యత తీసుకోవడానికి సంఘాలు పెట్టుకోమంది. పోపు పదో పయస్ వద్దన్నాడు. 1906లో ఆస్తుల జాబితా రాయబోయిన అధికారులతో గుమ్మాల దగ్గరే కొట్లాటలయ్యాయి, ప్రాణం కూడా పోయింది. సంఘాలు లేవన్న సాకుతో ప్రభుత్వం తలుపులు మూసేసి ఉండవచ్చు. 1907 జనవరి చట్టం అలా చేయలేదు; ఆరాధన కోసం చర్చీలను భక్తులకూ పాదిరీలకూ వదిలిపెట్టింది. ఏ దేశపు భక్తులన్న షరతు పెట్టలేదు. ఆఫ్రికా నుంచి, ఇండియా నుంచి వచ్చినవాళ్లు ఈ చర్చీల్లో కూర్చోవడమే కాదు, ఫాదర్లుగా పూజ కూడా జరుపుతున్నారు.

మరి 1905 తర్వాత వచ్చిన మతాలకు ఒరిగిందేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాత చర్చి కప్పు కారితే మునిసిపాలిటీ బాగుచేయించవచ్చు. శ్రీలంక తమిళులు 1985లో పారిస్‌లో నెలకొల్పిన మాణిక్క వినాయకర్ గుడికి ఆ వీలు లేదు. 1926లో తెరిచిన పారిస్ పెద్ద మసీదుకు ప్రభుత్వ సొమ్ము అందడం ఒక మినహాయింపు. ప్రార్థనామందిరాలకు స్థలం దీర్ఘకాల లీజుకు ఇవ్వవచ్చని 2011లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తేల్చింది. అది సాయమే తప్ప సమానత్వం కాదు.

అయినా ఈ లోటుకు విరుగుడు యజమాని అయిన ప్రభుత్వానికి మరింత అధికారం ఇవ్వడం కాదు. 2024 అక్టోబరులో సాంస్కృతిక మంత్రి రషీదా దాతి నోత్రదామ్ చూడవచ్చే పర్యాటకుల నుంచి 5 యూరోలు వసూలు చేద్దామన్నారు. ఆ డబ్బుతో శిథిలమవుతున్న చర్చీలను కాపాడాలన్నది ఆమె ఉద్దేశం. కానీ మొక్కడానికి వచ్చిందెవరో, చూసిపోవడానికి వచ్చిందెవరో గుమ్మం దగ్గర తేల్చేదెవరు? ముందుగా టూరిస్టుగా కనబడేది విదేశీయుడే. పారిస్ డయోసిస్ ఒప్పుకోలేదు. ఇలాంటి కట్టడాల సందర్శనకు రుసుము ఉండకూడదని 1905 చట్టమే చెబుతోంది. 2019 అగ్నిప్రమాదం తర్వాత ఎన్నో దేశాల వాళ్లు విరాళాలిచ్చి నిలబెట్టిన ఆ చర్చి 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకున్నప్పుడు ఎవరి దగ్గరా టికెట్టు డబ్బు అడగలేదు.